చుక్క తర్వాత జుట్టు

ఆడికృత్తిక పండగ నాడు తిరుత్తణిలో పిల్లలు తప్పిపోవడం వింత కాదు, తప్పిపోకుండా ఇల్లు చేరడమే వింత. కొండ మెట్ల మొదలు బస్టాండు దాకా ఇసుక వేస్తే రాలనంత జనం. భుజాల మీద కావళ్ళు, ఒంటి మీద పసుపు బట్టలు, ఎటు చూసినా చందనం పూసిన గుండ్లు. పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం జారిందంటే మళ్ళీ దొరికేది దేవుడి దయ. అందుకని ఏటేటా పోలీసులు కొండ కింద ఒక పందిరి వేసి, దొరికిన పిల్లలనందరినీ అందులో కూర్చోబెట్టేవాళ్ళు. ఎనభై ఏడో సంవత్సరంలో ఆ పందిట్లోకి ఒక కంప్యూటరు కూడా వచ్చి కూర్చుంది. దాన్ని అక్కడికి రప్పించిన పిల్ల పేరు మీనాంబ.

మీనాంబ తిరువళ్ళూరులో నాటుమందుల అంగడి పెట్టుకున్న కుప్పయ్యశెట్టి కూతురు. రోజూ పొద్దున్నే రైలెక్కి మద్రాసు పోయి కంప్యూటరు భాష నేర్చుకొచ్చింది. పెళ్ళీడు పిల్లకి ఇదేం చదువని వాళ్ళమ్మ నెత్తి కొట్టుకుంటుంటే, వెనకేసుకొచ్చింది మేనమామ నటరాజు ఒక్కడే. ఆయన వర్తక సంఘానికి అధ్యక్షుడు. సంఘం పేరు మీద కంప్యూటరు కొన్నాడు, మేనకోడల్ని దాని ముందు కూర్చోబెట్టాడు, పందిరికి పెద్ద బ్యానరు కట్టించాడు. సాయంత్రం జిల్లా ఆఫీసు నుంచి ఎవరో పెద్ద అధికారి చూడటానికి వస్తానన్నాడట. నటరాజు పొద్దుటి నుంచీ ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడే ఉన్నాడు.

ఇంకొక్క మాట ముందే చెప్పాలి. అంతకు ముందటి ఏడు పందిట్లో పెద్ద గోల జరిగింది. పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళంతా లోపలికి తోసుకొచ్చారు. ఆ తొక్కిడిలో కళ్ళు సరిగా కనబడని ముసలాయన ఒకడు తన మనవడే అనుకుని ఎవరి పిల్లవాణ్ణో చంకనేసుకుని పోయాడు. మరునాడు తెచ్చి అప్పగించాడనుకోండి, కానీ ఆ ఒక్క రాత్రి ఆ కన్నతల్లి ఎట్లా గడిపిందో ఆమెకే తెలియాలి. ఆ సంగతి విని, ఈసారి పందిరికి అడ్డంగా తాడు కట్టాలని చెప్పింది మీనాంబే. తాడుకు లోపల చాపల మీద పిల్లలు, బయట పెద్దవాళ్ళు, మధ్యలో కంప్యూటరు. పెద్దవాళ్ళు చెప్పిన గుర్తులూ, లోపలి పిల్ల గుర్తులూ కంప్యూటరు కలిపి చూసి అవునంటేనే తాడెత్తాలి. ఆలోచన మంచిదే. తాడు కూడా ఆ పిల్లే దగ్గరుండి, రెండు ముడులేసి బిగించి కట్టింది.

పందిరికి కాపలా హెడ్ కానిస్టేబుల్ ఆరోగ్యస్వామి. బొజ్జ మనిషి, మంచి మనిషి. పొద్దున్నే ఆ కంప్యూటరు పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, ముట్టుకోకుండా అడిగాడు.

"ఏమ్మా, ఇంతమంది పిల్లోళ్ళు ఉండారు. ఎవురు ఎవురో దీనికి ఎట్ల తెలిసేది?"

"మా నాయన అంగట్లో మందుల బీరువా ఉందన్నా," అంది మీనాంబ. "దానికి సొరుగులు, సొరుగు సొరుగుకీ ఒక చీటీ. శొంటి, పిప్పళ్ళు, వస. చీటీ చూసి లాగితే లోపలిది చేతికొస్తాది. ఇదీ అట్లనే. ఒక్కో పిల్ల ఒక్కో బీరువా. 'దొరికిన' అని రాసి, పక్కనే చుక్క పెట్టి, 'వయసు' అంటే ఆ దొరికిన పిల్ల వయసు చెప్తాది. చుక్క పెట్టి 'గౌను' అంటే గౌను రంగు. చుక్క పెట్టి 'జుట్టు' అంటే జుట్టు."

"అంటే చుక్క పెట్టేదీ సొరుగు లాగేదీ ఒకటే."

"అంతే."

"బావుండాది. మా ఇంటామె మనసులో ఏముండాదో చుక్క పెట్టి అడిగితే చెప్తాదా?"

మీనాంబ నవ్వింది. "మనం నింపిన సొరుగైతేనే చెప్తాదన్నా. నింపినాంక బయట ఏం మారినా దానికి తెల్దు."

చూశారా, తన నోటితోనే అంది. అనేసి, నవ్వేసి, మర్చిపోయింది.

తెర మీద పచ్చటి అక్షరాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి గానీ, మనం తెలుగులో చెప్పుకుందాం. దొరికిన పిల్లలకు 'దొరికిన' అని ఒక బీరువా, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు చెప్పే గుర్తులకు 'పోయిన' అని ఇంకో బీరువా. రెండింటిలోనూ సొరుగులు ఒకే వరసలో ఉంటాయి. మీనాంబ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఇట్లా రాసింది:

(దొరికిన.వయసు = పోయిన.వయసు) మరియు
(దొరికిన.జుట్టు = పోయిన.జుట్టు) మరియు
(దొరికిన.గౌను = పోయిన.గౌను)

మూడూ కలిస్తే తెర మీద పిల్ల నంబరు వస్తుంది. ఒక్కటి కలవకపోయినా 'లేదు' అని వస్తుంది. ఏడాది అటూ ఇటూ అయితే వయసును మన్నించేటట్టు ముందే ఏర్పాటు చేసింది. ఆడా మగా తేడా అంతకు ముందే వడకట్టేస్తుంది.

మధ్యాహ్నం దాకా పెట్టె పని అద్భుతంగా సాగింది. తిరునిన్రవూరు పిల్లవాడొకడు, కడంబత్తూరు అక్కచెల్లెళ్ళిద్దరు, ఇంకా ఎవరెవరో, నంబరు రావడం, తాడెత్తడం, తల్లులు పిల్లల్ని వాటేసుకోవడం. నటరాజు ప్రతిసారీ చప్పట్లు కొట్టాడు. గుండు చేయించుకున్న పిల్లలు కూడా చక్కగా కలిశారు, ఎందుకంటే గుండు చేయించిన తల్లిదండ్రులే వచ్చి గుండు అని చెప్పారు. మీనాంబకు లోపల్లోపల గర్వంగానే ఉంది. ఎందుకుండదు?

ఎండ వాలుతుండగా ఒకామె వచ్చింది. చీర కుచ్చెళ్ళు ఊడి కాళ్ళకు చుట్టుకుంటున్నాయి, జుట్టు రేగిపోయి ఉంది, చెప్పులు ఎక్కడ వదిలేసిందో. వచ్చీ రావడంతోనే తాడు పట్టుకుని లోపలికి చూసింది. చాపల మీద వరసగా పిల్లలు. ఆమె కళ్ళు ఒక కొస నుంచి ఇంకో కొసకి పరిగెత్తాయి.

"నా బిడ్డ," అంది. "నా బిడ్డ కనబళ్ళేదు."

పేరు అలిమేలమ్మ. ఊరు వెంగల్, వరి పండించుకునే కుటుంబం. చంటి కొడుకుకు తలనీలాలు ఇవ్వడానికి అత్తతో, కూతురితో వచ్చింది. కూతురికి నాలుగేళ్ళు.

"పిల్ల పేరేంటక్కా?" అంది మీనాంబ.

అలిమేలమ్మ నోరు తెరిచి మూసుకుంది. "మా అత్త పేరే."

"మీ అత్త పేరు?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అత్త పేరు కోడలు నోట పలకకూడదు. అందుకే ఇంట్లో ఆ పిల్లను అమ్మణ్ణి అని పిలుస్తారు, ఆ వైపు సగం ఇళ్ళల్లో ఆడపిల్లల్ని పిలిచినట్టే. ఆరోగ్యస్వామి తల గోక్కున్నాడు. ఇంత ప్రాణం మీదికి వచ్చినా ఆ మర్యాద ఆమెను వదల్లేదు. మీనాంబ పేరు సొరుగు ఖాళీగా వదిలేసింది.

"జుట్టు ఎట్లుంటాది?"

"బారు జుట్టు మేడం. ఈ వయసుకే నడుం దాకా ఉండాది. పొద్దున్నే నేనే రెండు జడలు అల్లి ఎర్ర రిబ్బను కట్టినా. జడ ఊడదీసుకున్నా, రిబ్బను పారేసుకున్నా తంతానని గూడా అంటి."

"గౌను?"

"నీలం గౌను. తెల్ల పూలు."

మీనాంబ సొరుగులన్నీ నింపింది. మీట నొక్కింది. పెట్టె కాసేపు గుర్రుమంది. పచ్చ అక్షరాలు వచ్చాయి.

లేదు.

"ఇక్కడికి రాలేదక్కా," అంది మీనాంబ. ఎంత నమ్మకంగా అందంటే, ఆ నమ్మకం తల్చుకుని తర్వాత చాలా కాలం ఆ పిల్లకు ఒళ్ళు జలదరించేది.

"ఒక్కసారి లోపలికి పోయి చూసుకుంటాను. ఒకే ఒక్కసారి."

మీనాంబ నటరాజు వైపు చూసింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "చూడమ్మా, నీ ఒక్కదాన్ని వదిలితే వెనక వందమంది వస్తారు. కంప్యూటరే లేదన్నాక ఇంక నువ్వు చూసేదేముండాది? అదిగో, ఈడి నుంచే కనబడతా ఉండారు గదా. రెండు జడలు యాడన్నా ఉండాయా?"

అలిమేలమ్మ మళ్ళీ చూసింది. జడల కోసమే చూసింది. జడలున్న పిల్లలు ముగ్గురున్నారు, ఎవరూ ఆమె బిడ్డ కాదు. మిగతావన్నీ చందనం పూసిన గుండ్లు, వాటి మీద ఆమె చూపు ఆగలేదు.

"కింద గుండం కాడ చూసినావామ్మా?" అన్నాడు ఆరోగ్యస్వామి, సాయం చేద్దామనే.

గుండం మాట వినగానే ఆమె ముఖం తెల్లబోయింది. అక్కడ నీళ్ళు లోతు. ఇంకేమీ అనకుండా తిరిగి జనంలోకి పరిగెత్తింది. తెలిసో తెలియకో, పిల్ల ఉన్న చోటు నుంచి తల్లిని తరిమేశారు ముగ్గురూ కలిసి.

మీనాంబ తెర వంక చూస్తూ కూర్చుంది. 'లేదు' అన్న మాట ఇంకా అక్కడే వెలుగుతోంది. మామూలుగా అయితే తర్వాతి మనిషిని రమ్మనేది. ఇప్పుడు వేళ్ళు కదల్లేదు. ఏదో తప్పు జరిగిందని ఆమె మనసు పీకుతోంది, ఏమిటో అంతు చిక్కడం లేదు.

పొద్దు గూకే వేళకు పోలీసు వ్యాను వచ్చి పందిరి వెనక ఆగింది. అప్పటికీ ఎవరూ రాని పిల్లల్ని మద్రాసులో ఏదో ఆశ్రమానికి తీసుకుపోవడం ప్రతి ఏడూ ఉన్నదే. ఆ తర్వాత తల్లిదండ్రులు అక్కడికి పోయి, తామే తల్లిదండ్రులమని కాగితాలు చూపించి విడిపించుకోవాలి. పేరు కూడా చెప్పని నాలుగేళ్ళ పిల్లను, కాగితం ముఖం ఎరగని వెంగల్ రైతు కుటుంబం ఎక్కడని వెతుకుతుంది? ఎవరిని అడుగుతుంది? ఆశ్రమానికి పోయిన పిల్ల మళ్ళీ చిక్కడం ఎంత కష్టమో పందిట్లో అందరికీ తెలుసు. కానిస్టేబుళ్ళు పిల్లల్ని ఒక్కొక్కరినే లేపి వెనక తలుపు వైపు నడిపించసాగారు.

అప్పుడు అలిమేలమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె పక్కన ఒక ముసలామె ఉంది, చంకలో ఏడాది నిండని మగపిల్లవాడు. ముసలామె రంగనాయకమ్మ, అలిమేలమ్మ అత్త. గుండంలో దిగి కూడా వెతికారట, ఇద్దరి చీరలూ మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి.

"ఇంకొక్కసారి ఆ పెట్టెని అడుగు తల్లీ," అంది రంగనాయకమ్మ. "నీకు పుణ్యముంటాది."

మీనాంబ మళ్ళీ మీట నొక్కింది. మళ్ళీ లేదు.

చంకలో పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. రంగనాయకమ్మ వాణ్ణి ఊపుతూ వాడి ఒత్తయిన జుట్టు నిమిరింది. ఆ చెయ్యి కదులుతున్న చోటనే మీనాంబ చూపు ఆగిపోయింది.

"అవ్వా, మీరొచ్చింది ఈ బిడ్డకు గుండు చేయించే దానికే గదా?"

"అవునమ్మా. యాడ చేయించేది. అంతలోనే అది కనబళ్ళా."

"గుండు టికెట్టు కొన్నారా?"

"కొన్న్యాం."

"ఆ టికెట్టు ఎవురి దగ్గరుండాది?"

అత్తా కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలిమేలమ్మ నెమ్మదిగా అంది, "అమ్మణ్ణి చేతికిచ్చినా. వీడు పాలకేడస్తా ఉంటే పక్కకు పోయి పాలిద్దామని, వరసలో మన చోటు పోకుండా దాన్ని నిలబెట్టినా. నువ్వు టికెట్టు పట్టుకుని నిలబడు, కదలొద్దు అన్న్యా."

మీనాంబ తిరుత్తణి పక్కన పుట్టి పెరిగిన పిల్ల, ఆమెకు తెలియనిదేముంది? కృత్తిక నాడు గుండు పందిట్లో ఎవరు ఎవరిని అడుగుతారు? టికెట్టు చేతిలో ఉంటే తల వంచాల్సిందే. మంగలి టికెట్టు చింపుతాడు, తల మీద నీళ్ళు కొడతాడు, కత్తి ఆడిస్తాడు, తర్వాతి మనిషిని రమ్మంటాడు. నిలబడమంటే నిలబడిన పిల్ల, వంగమంటే వంగి ఉంటుంది.

రెండు జడలు, ఎర్ర రిబ్బను అని సొరుగులో నింపించింది తల్లి. ఆ తల్లికి తెలిసిన జుట్టు అది. ఇప్పుడా జుట్టు లేదు. నీళ్ళకు తడిసి వెంట్రుకలంటిన గౌను కూడా ఒంటి మీద ఉండి ఉండదు. ఛీ, గుండు చేయించుకోవడానికే జనం వచ్చే ఊళ్ళో జుట్టును గుర్తుగా పెట్టుకుందే తను, మద్రాసు క్లాసులో కూర్చుని పెట్టినట్టు.

"అన్నా," అంది ఆరోగ్యస్వామితో, "గుండు చేసిన చిన్న ఆడపిల్లలు ఎవురన్నా ఉండారా, గౌను లేకుండా?"

ఆరోగ్యస్వామి నుదురు ముడిచాడు. "టవల్ చుట్టిన పిల్లోళ్ళు శానామంది ఉండారమ్మా. గౌనంతా తడిసి వెంట్రుకలు అంటుకోనుంటే ఎవురో ముసలామె ఒగ పిల్లకు నీళ్ళు పోసి, పసుపు టవల్ చుట్టి తెచ్చి ఇచ్చినాది. ఎవురో ఏమో, నేను సరిగా చూడలా."

"వ్యాను ఆపన్నా."

"నేనెట్ల ఆపేదమ్మా? మా పెద్దాయన ఆర్డరు. పెట్టె నంబరు ఇస్తే ఆ నంబరు పిల్లను దించుతా. ఊరికే ఆపమంటే నా ఉద్యోగం పోతాది."

"మామా," అంది మీనాంబ నటరాజు వైపు తిరిగి, "తాడు విప్పు. వీళ్ళను లోపలికి పోనీ."

నటరాజు గొంతు తగ్గించాడు. "నీకేమన్నా మతి పోయిందా? ఆ అధికారి కారు బస్టాండు కాడికొచ్చిందంట. ఇప్పుడు తాడు విప్పితే మన పెట్టె తప్పు చెప్పిందని మనమే ఒప్పుకున్నట్టు. పరువు పోతాది."

"పెట్టె తప్పు చెప్పలా మామా. నేను తప్పు అడిగినా."

ఇంకేం వాదిస్తుంది? వాదించేంత సమయం లేదు. ఆమె కుర్చీలోకి దూకి కూర్చుని, తను రాసిన వరసలు తెర మీదికి తెచ్చింది. గౌను వరస మొత్తం కొట్టేసింది. జుట్టు వరసకు పక్కన, చెమట చేతులతో, ఇంకో మాట చేర్చింది.

(దొరికిన.జుట్టు = పోయిన.జుట్టు) లేదా (జుట్టు = గుండు)

మీట నొక్కింది. పెట్టె కీచుమని ఆగిపోయింది. ఈ పేరు నాకు తెలియదు అని చెప్పింది.

వెనక వ్యాను తలుపు ఒకటి మూసిన చప్పుడైంది. అలిమేలమ్మ తాడు మీద వాలి ఏదో గొణుగుతోంది, దేవుడి పేరో బిడ్డ పేరో. మీనాంబ తెర మీద ఆ వరసనే చూసింది. అంతా బాగానే ఉన్నట్టుంది. మళ్ళీ చదివింది. జుట్టు. ఎవరి జుట్టు? దొరికిన పిల్లదా, పోయిన పిల్లదా, దారిన పోయేవాళ్ళదా? ముందర బీరువా పేరు లేదు, చుక్క లేదు. తొందరలో సొరుగు పేరు ఒక్కటే రాసింది. పాపం, పెట్టె ఏ బీరువా అని వెతుకుతుంది?

దొరికిన, చుక్క, జుట్టు. దిద్దింది. తర్వాత ఇంకో తప్పు, కొట్టేసిన గౌను వరసకు ముందున్న 'మరియు' అట్లాగే వేలాడుతోంది. అదీ తీసేసింది. వ్యాను ఇంజను మొదలైంది, పందిరి గుంజలు వణికాయి. మీట నొక్కింది. తప్పు లేదంది పెట్టె. పొద్దుటి నుంచీ నింపిన పిల్లలందరినీ ఫ్లాపీలోంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది, గుర్రు గుర్రుమంటూ, ముసలి ఎద్దులా. మీనాంబ తన జన్మలో ఏ మనిషినీ అంతగా బతిమాలలేదు, ఆ పెట్టెను బతిమాలినట్టు.

తెర మీద నంబర్లు వచ్చాయి. ఒకటి కాదు, కొన్ని. గుండు చేసిన ఆ వయసు ఆడపిల్లలు.

"అన్నా, నంబర్లు ఇచ్చినాది," అని అరిచింది.

ఆరోగ్యస్వామి తెర వంక ఒక్క చూపు చూసి, అంత బొజ్జతో ఆ మనిషి అట్లా పరిగెత్తగలడని ఎవరూ అనుకోలేదు, పరిగెత్తుకుంటూ పోయి వ్యాను ముందు నిలబడ్డాడు. డ్రైవరు తిట్టాడు. తిట్టనీ. మెడల్లో కట్టిన నంబరు చీటీలు చూసి పిల్లల్ని దించారు. ఐదుగురు. పసుపు తువ్వాళ్ళు, నున్నటి గుండ్లు, చందనం ఎండి పెచ్చులు లేచిన నెత్తులు. ఏడ్చి ఏడ్చి అందరి ముఖాలూ ఒకే రకంగా ఉబ్బిపోయాయి.

అలిమేలమ్మను తాడు కింద నుంచి వంగి రమ్మంది మీనాంబ. నటరాజు ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఆమె వచ్చి ఐదుగురి ముందూ నిలబడింది. మొదటి పిల్ల, రెండో పిల్ల. ఇంకో పిల్ల చిటికెన వేలు చీకుతోంది. చివరి పిల్ల తువ్వాలు నెత్తి మీదుగా లాక్కుని ముఖం అవతలికి తిప్పుకుంది.

"వీళ్ళల్లో లేదు మేడం," అంది అలిమేలమ్మ.

వెనక నటరాజు ఊపిరి వదలడం వినిపించింది. అలిమేలమ్మ వెనక్కి తిరగబోయింది, మళ్ళీ గుండం వైపే కాబోలు.

"అక్కా, జడల కోసం చూడొద్దు," అంది మీనాంబ, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని. "టికెట్టు చేతికిచ్చినావు గదా. జడలు పోయుండాయి. ముఖం చూడు. ఒక్కొక్కరి ముఖం చూడు."

అలిమేలమ్మకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమైనాక ఆమె నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది. ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ చివరి పిల్ల దగ్గరికి పోయి మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మణ్ణీ?"

తువ్వాలు ఇంకా కిందికి దిగింది. లోపలి నుంచి సన్నటి గొంతు వచ్చింది.

"జడలు నేనియ్యలేదుమా. నేను కదల్లేదు. టికెట్టు తీసుకుని వాళ్ళే కోసేసినారు."

అప్పుడు తెలిసింది అందరికీ. మొదటిసారి తల్లి తాడు పట్టుకుని నిలబడినప్పుడు ఆ పిల్ల చూసింది. చూసి, ముసుగేసుకుంది. జడలు లేని తలతో అమ్మ కంట పడితే తన్నులు తప్పవని, ఎవరెన్నిసార్లు అడిగినా పేరు చెప్పకుండా, ఆ చాప మీదనే, అవతలికి తిరిగి, అంతసేపూ దాక్కుని కూర్చుంది. వ్యాను ఎక్కమంటే ఎక్కింది కూడా.

అలిమేలమ్మ తువ్వాలు పక్కకు తీసింది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, దెబ్బ కోసం భుజాలు ముడుచుకుంది. తర్వాత, ఏమీ పడకపోయేసరికి, బిగించిన పిడికిలి ముందుకు చాపి మెల్లగా తెరిచింది. నలిగి, తడిసి, వేళ్ళ ముద్రలు పడిన ఎర్ర రిబ్బను.

"రిబ్బను పారేసుకోలేదుమా."

అలిమేలమ్మ ఆ గుండును రెండు చేతులతో పట్టుకుని తన పొట్టకు అదుముకుంది. "తంతానంటే నమ్మినావా తల్లీ," అంది. "నేనంటే నమ్మేసినావా." అదే మాట మళ్ళీ మళ్ళీ అంటూ ఉంది, చందనం ఆమె చీరంతా అంటుకుంటూ ఉంటే. రంగనాయకమ్మ తాడు బయట నిలబడే, మనవణ్ణి చంకన పెట్టుకుని, చెంపలేసుకుంది.

బయట కారు ఆగిన చప్పుడైంది. నటరాజు చొక్కా సర్దుకుంటూ అటు పోయాడు. తాడుకు అవతల ఇంకా జనం నిలబడే ఉన్నారు, పొద్దుటి నుంచీ పెట్టె నోట 'లేదు' అన్న మాట విని కూడా పోకుండా కాచుకుని ఉన్నవాళ్ళు. వాళ్ళను చూసి, వెనక పిల్లలతో ఇంకా ఆగి ఉన్న వ్యానును చూసి, మీనాంబ తాడు కట్టిన గుంజ దగ్గరికి నడిచింది. ముడి తను వేసిందే, మరీ బిగించి వేసింది, వేళ్ళకు రాలేదు. పళ్ళతో పట్టి లాగి విప్పింది.